జెన్నీ లిండ్ దిగిపోయిన వేదిక

సంఘంలో గొంతు బాగున్న ఆడపిల్ల ఒకతె ఉంటే చాలు, ఆమె చుట్టూ రెండు రకాల మాటలు వినిపిస్తాయి. టీవీ పోటీలకు పంపండి, సినిమాల్లో పాడనివ్వండి, ఇంతటి తలాంతును నాలుగు గోడల మధ్య పాతిపెట్టొద్దు అని కొందరు. దేవుడిచ్చిన గొంతు దేవునికే, బయటి వేదిక ఎక్కితే పిల్ల చెడిపోతుంది అని మరికొందరు. ఈ రెండో మాట చెప్పేవారికి బాగా పనికొచ్చే పేరు ఒకటుంది: జెన్నీ లిండ్. లోకమంతా చప్పట్లు కొడుతున్న సమయంలో, ఇరవై ఎనిమిదేళ్ల వయసులో, వేదిక దిగి వెళ్లిపోయిన స్వీడన్ గాయని. ప్రసంగ దృష్టాంతాల పుస్తకాల్లో ఆమె కథ నాలుగు వాక్యాల్లో ముగిసిపోతుంది. అసలు జీవితం చదివితే అది అంత పొట్టి కథ కాదు, అంత సులువైన ఉదాహరణ కూడా కాదు.

ఆమె పాడింది ఒపేరాలో. ఒపేరా అంటే మాటలన్నీ పాటగానే సాగే నాటకం. మన పద్యనాటకం తెలిసినవారికి ఊహించుకోవడం కష్టం కాదు. రాగం తీస్తే ఒన్స్‌మోర్ అని జనం అరవడం అక్కడా ఉంది. ఆమెది సొప్రానో గొంతు. క్వయర్‌లో పాడేవారికి ఈ మాట తెలిసిందే, స్త్రీల స్వరాల్లో అన్నిటికన్నా పైన పలికేది.

1820 అక్టోబరు 6న స్టాక్‌హోమ్‌లో జెన్నీ పుట్టింది. తల్లిదండ్రులకు అప్పటికి పెళ్లి కాలేదు. తల్లి ఆన్ మేరీ ఫెల్‌బోర్గ్ ఆడపిల్లలకు ఇంట్లోనే బడి నడిపేది. మొదటి భర్త వ్యభిచారి అని విడాకులు తీసుకుంది. కానీ అతడు బ్రతికి ఉండగా మరొకరిని పెళ్లాడటం వాక్యానికి విరుద్ధమని ఆమె నమ్మకం. అందుకని జెన్నీ తండ్రిని పెళ్లాడకుండానే ఉండిపోయింది. మొదటి భర్త చనిపోయాక, జెన్నీకి పద్నాలుగేళ్లు వచ్చాక పెళ్లి జరిగింది. ఒక ఆజ్ఞను కాపాడబోయి మరొక ఆజ్ఞను పక్కన పెట్టిన ఆ తల్లి లెక్క మనకు విచిత్రంగా తోస్తుంది. ఆ లెక్కకు మూల్యం చెల్లించింది మాత్రం బిడ్డ. పసితనంలో మూడేళ్లపాటు ఊరికి దూరంగా ఒక పల్లె చర్చి ఆర్గనిస్టు ఇంట్లో పెరిగింది. ఆ తర్వాత కూడా కొంతకాలం తల్లి దగ్గర, కొంతకాలం పరాయివారి దగ్గర. భక్తి మాత్రం అమ్మమ్మ దగ్గర అబ్బింది. అమ్మమ్మ ఉండేది విధవరాండ్ర వసతిగృహంలో.

తొమ్మిదేళ్ల వయసులో కిటికీలో కూర్చుని తన పిల్లికి పాటలు పాడుతుండగా వీధిలో వెళ్లేవారు ఆగి వినేవారట. వారిలో ఒక పనిమనిషి, రాయల్ థియేటర్‌లో నాట్యం చేసే లుండ్‌బెర్గ్ అనే తన యజమానురాలికి ఆ సంగతి చెప్పింది. ఆమె పిల్లను పిలిపించి విని, తల్లితో మాట్లాడింది. నాటకశాల అనగానే తల్లి భయపడింది. చివరకు సంగీతమైనా నేర్పిద్దామన్న మాటకు ఒప్పుకుంది. సంగీతం మాస్టారు క్రోలియస్ ఆ పిల్లను థియేటర్ అధికారి కౌంట్ పూకే దగ్గరకు తీసుకెళ్తే, వయసు విని ఆయన వినడానికే ఇష్టపడలేదు. విన్నాక మనసు మార్చుకున్నాడు. ప్రభుత్వ ఖర్చుతో చదువు, సంగీతం, నాట్యం మొదలయ్యాయి. పదేళ్లకే చిన్న చిన్న వేషాలతో వేదిక మీద కనిపించింది.

1838 మార్చి 7న వేబర్ రాసిన ఒపేరాలో అగాథే పాత్రతో ఆమె అసలు ఆరంగేట్రం జరిగింది. ఆ ఉదయం నిద్రలేచినప్పుడు ఒక మనిషినని, రాత్రి పడుకునేటప్పుడు మరో మనిషినని, తన శక్తి ఏమిటో ఆ రోజే తెలిసిందని ఆమె తర్వాత చెప్పుకుంది. బ్రతికినంత కాలం మార్చి 7ను రెండో పుట్టినరోజుగా పాటించింది. ఈ సంగతి మనం గమనించాలి. వేదికను విడిచిపెట్టిన స్త్రీ, వేదిక ఎక్కిన రోజును మాత్రం చివరిదాకా పండుగగానే ఉంచుకుంది.

ఇరవై ఏళ్లకే ఆమె స్వీడన్ రాజాస్థాన గాయని. అంతలోనే దెబ్బ తగిలింది. సరైన పద్ధతి తెలియకుండా, విశ్రాంతి లేకుండా పాడటంతో గొంతు అరిగిపోయింది. 1841లో పారిస్ వెళ్లి మాన్యుయెల్ గార్సియా అనే గురువు ముందు పాడింది. ఈయనే తర్వాత కాలంలో స్వరపేటికను అద్దంతో చూసే సాధనాన్ని రూపొందించినవాడు. విని, గొంతు పాడైపోయిందని నిర్మొహమాటంగా చెప్పాడు. ఆరు వారాలు పాట పూర్తిగా మానమన్నాడు, మాటలు కూడా వీలైనంత తగ్గించమన్నాడు. ఆ తర్వాత వస్తే చూద్దామన్నాడు. స్వదేశంలో పేరు మోసిన గాయని పరాయి నగరంలో, ఆ గొంతు తిరిగి వస్తుందో రాదో తెలియకుండా, ఆరు వారాలు మౌనంగా కూర్చుంది. గడువు ముగిశాక మళ్లీ వెళ్లింది. అక్షరాభ్యాసం చేసే పిల్లలా స్వరాలు పైకి కిందికి నెమ్మదిగా పాడుతూ మొదటినుంచి నేర్చుకుంది. పది నెలల తర్వాత తిరిగొచ్చిన గొంతు మునుపటికన్నా గొప్పది. మన క్వయర్లలో పండుగకు ముందు నాలుగు రోజులు గొంతు చించుకుని, పండుగనాడు బొంగురుపోయే పిల్లలకు ఈ భాగం ఒక్కటైనా చెప్పాలి.

అక్కడినుంచి ఆమె ఎదుగుదల చాలా వేగంగా సాగింది. 1843లో డెన్మార్క్. అక్కడ పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ ఆమెను ప్రేమించాడు, ఆమె అన్నగా చూసింది. పాట పాడే నైటింగేల్ పిట్ట గురించి ఆయన కథ అదే ఏడాది వెలువడింది. సరోజినీ నాయుడు గారిని మనం భారత కోకిల అన్నట్టే జెన్నీని స్వీడిష్ నైటింగేల్ అని ప్రపంచం పిలిచింది. 1844లో బెర్లిన్. అక్కడే సంగీతకర్త ఫెలిక్స్ మెండెల్సన్ పరిచయమయ్యాడు. భక్తి, సంగీతం రెండూ ఒకే మనిషిలో ఇంత సహజంగా కలిసి ఉండగలవని ఆమెకు తెలిసింది ఆయన్ని చూశాకే. ప్రవక్త ఏలీయా జీవితం మీద ఆయన రాసిన ఒరటోరియోలో సొప్రానో భాగాన్ని ఆమె గొంతును మనసులో పెట్టుకుని రాశాడు. ఆమె పై స్థాయి ఎఫ్ షార్ప్ స్వరం అంటే ఆయనకు ప్రత్యేకమైన ఇష్టం. ఒరటోరియో అంటే బైబిలు కథనే వేషాలు, నటన లేకుండా నిలబడి పాడేది. ఈ తేడా ఆమె జీవితంలో ముందు ముందు పెద్దదవుతుంది.

1847 మే 4న లండన్‌లో మొదటిసారి పాడింది. విక్టోరియా రాణి వచ్చింది. ఆ వేసవి లండన్‌కు జెన్నీ జ్వరం పట్టుకుంది. ఆమె పేరు రైలింజన్‌కు సైతం పెట్టారు. టికెట్ల కోసం తొక్కిసలాటలు జరిగాయి. అదే జూలైలో వెర్డీ కొత్త ఒపేరాలో కథానాయిక కూడా ఆమే. ఈ వెలుగులో ఒక మచ్చ కూడా ఉంది. అంతకుముందు మరో థియేటర్ యజమానితో ఒప్పందం మీద సంతకం చేసి, తర్వాత భయపడి వెనక్కి తగ్గింది. ఆయన కోర్టుకెళ్తే 1848లో 2,500 పౌండ్ల నష్టపరిహారం తీర్పు వచ్చింది. మాట తప్పిన ఆ బరువు ఆమెను చాలాకాలం వేధించింది.

1847 నవంబరు 4న మెండెల్సన్ ముప్పై ఎనిమిదేళ్లకే చనిపోయాడు. ఆ దుఃఖం ఆమెను కుంగదీసింది. మరుసటి ఏడాది డిసెంబరులో లండన్‌లోని ఎక్సెటర్ హాలులో ఆమె ఏలీయాలో పాడింది. వచ్చిన సుమారు వెయ్యి పౌండ్లతో ఆయన పేరిట విద్యార్థి వేతనం ఏర్పడింది. దాన్ని మొదట అందుకున్న కుర్రాడు ఆర్థర్ సల్లివన్. అతడు తర్వాత ఇంగ్లండులో పెద్ద సంగీతకర్త అయ్యాడు.

ఇక వేదిక ఎందుకు దిగింది? నార్విచ్ బిషప్ ఎడ్వర్డ్ స్టాన్లీ ఇంట్లో ఆమె అతిథిగా ఉంది కాబట్టి ఆయనే మాన్పించాడని అప్పట్లో ప్రచారం జరిగింది. నిజానికి మానేయాలన్న మాట ఆమె స్నేహితులతో 1845 నుంచే అంటోంది. ఒపేరా రంగంలోని కుట్రలు, అసూయలు ఆమెకు పడలేదు. ప్రతి రాత్రీ మరొకరి ప్రేమను, మరొకరి పిచ్చిని నటించి ఇంటికి వస్తే తనకంటూ ఏమీ మిగలడం లేదనిపించేది. సొంత ఇల్లు లేకుండా పెరిగిన పిల్లకు ఇల్లు కావాలనిపించింది. వీటన్నిటితో పాటు, వీటన్నిటికన్నా ముందు, ఆమె ప్రార్థనాపరురాలు.

ఆ సమయంలోనే ఒక పెళ్లి సంబంధం కుదిరి తప్పిపోయింది. వరుడు క్లాడియస్ హారిస్, భారతదేశంలోని బ్రిటిష్ సైన్యంలో పనిచేస్తున్న యువ అధికారి. భక్తిగల కుటుంబం, నాటకశాలను సాతాను తావుగా చూసే కుటుంబం. దగ్గరగా చూసిన ఒక స్నేహితురాలు రాసిపెట్టినదాన్ని బట్టి, వేదిక మళ్లీ ఎక్కనని పెళ్లి ఒప్పందంలోనే రాయాలన్నారు. తన సంపాదన తన చేతిలో ఉండాలని జెన్నీ అడిగితే అది లేఖనానుసారం కాదన్నారు. పెళ్లయిన స్త్రీ ఆస్తి భర్తకే చెందుతుందని ఆనాటి ఇంగ్లండు చట్టమూ అనేది. 1870లో, 1882లో వచ్చిన చట్టాలతో గాని అది మారలేదు. జెన్నీ ఆ పెళ్లి వద్దనుకుంది. వేదిక దిగాలని ఎప్పుడో నిర్ణయించుకున్న మనిషి, దిగుతానని మరొకరికి కాగితం రాసివ్వడానికి మాత్రం ఒప్పుకోలేదు. సంపాదన విషయంలో ఆమె పట్టుదల ఎందుకో ఆ తర్వాతి రెండేళ్లలో లోకమే చూసింది.

వీడ్కోలు కూడా నేరుగా జరగలేదు. 1849 ఏప్రిల్‌లో, నటన మానేసి ఒపేరాను కచేరీలా నిలబడి పాడతానంది. ఒకసారి పాడింది. జనం చల్లగా ఊరుకున్నారు. ఆ ఏర్పాటు సాగితే తనను నమ్ముకున్న థియేటర్ యజమాని లమ్లీ మునిగిపోతాడు. అందుకని మనసుకు ఇష్టం లేకపోయినా మళ్లీ వేషం కట్టి, కొన్ని ప్రదర్శనలు పూర్తిచేసింది. తన మనస్సాక్షి శుద్ధి కోసం మరొకడి బ్రతుకుదెరువును కాలదన్నలేదు. 1849 మే 10న రాణి సమక్షంలో చివరిసారిగా ఒపేరా వేదిక మీద పాడి దిగిపోయింది.

చాలామందికి తెలిసిన సముద్రతీరపు ముచ్చట తర్వాతిది. ఒక స్నేహితురాలు వెళ్లేసరికి జెన్నీ ఒడిలో బైబిలు పెట్టుకుని, సూర్యాస్తమయం చూస్తూ కూర్చుంది. అంత ఉచ్ఛ దశలో ఎందుకు మానేశావని ఆ స్నేహితురాలు అడిగింది. రోజు రోజుకూ ఈ గ్రంథం మీద తన ధ్యాస తగ్గిపోతుంటే, ఆ ఆకాశం మీద ధ్యాసే లేకుండా పోతుంటే ఇంకేం చేయగలనని జెన్నీ బదులిచ్చింది. ప్రసంగాల్లో కథ ఇక్కడితో ఆగుతుంది. ఇక్కడ ఆపితే, ఆమె పాట మానేసిందని వినేవారు అనుకుంటారు. ఆమె మానింది నటన. పాట ఆ తర్వాత మరో ముప్పై నాలుగేళ్లు సాగింది.

ఎలా సాగిందో చూడండి. ఆమె గొంతు ఒక్కసారైనా వినని అమెరికా వ్యాపారి పి. టి. బార్నమ్, వింతలు చూపించి డబ్బు చేసుకునే మనిషి, 150 కచేరీలకు రాత్రికి 1,000 డాలర్ల చొప్పున ఇస్తానన్నాడు. ఖర్చులు అదనం. జెన్నీ అమాయకురాలు కాదు. 1,87,500 డాలర్లు ముందుగా బ్యాంకులో జమ చేస్తేనే ఓడ ఎక్కుతానంది. బార్నమ్ ఆస్తులు కుదువపెట్టి, అప్పులు చేసి జమ చేశాడు. స్వీడన్‌లో పేద పిల్లలకు ఉచిత పాఠశాలలు పెట్టాలని ఆమె కోరిక, దానికి ఆ డబ్బు కావాలి. 1850 సెప్టెంబరు 1న న్యూయార్క్ రేవులో ఓడ ఆగేసరికి 30,000 మందికి పైగా జనం. టికెట్లను వేలం వేశారు. మొదటి టికెట్‌ను టోపీల వ్యాపారి ఒకాయన 225 డాలర్లకు పాడుకున్నాడు. సెప్టెంబరు 11న మొదటి కచేరీలో తన వంతుగా వచ్చిన సుమారు 10,000 డాలర్లను ఆ నగరపు ధర్మ సంస్థలకే ఇచ్చేసింది. బార్నమ్ హడావిడి, ప్రకటనల గోల భరించలేక 1851లో అతడితో ఒప్పందం తెంచుకుని, మిగతా కచేరీలు సొంతంగా చేసుకుంది. మొత్తం మీద అమెరికాలో ఆమె సంపాదన 3,50,000 డాలర్లు. అందులో ఎక్కువ భాగం స్వీడన్ పాఠశాలలకు, ధర్మకార్యాలకు వెళ్లింది.

ఈ యాత్రలో ఒక విషయం మనం దాటవేయకూడదు. అప్పటికి అమెరికా దక్షిణాదిలో బానిసత్వం ఉంది. చార్ల్‌స్టన్‌లో, న్యూ ఆర్లీన్స్‌లో ఆమె పాడింది. బానిసత్వానికి వ్యతిరేకంగా బహిరంగంగా ఒక్క మాట అనలేదు. ఇంతటి క్రైస్తవురాలు ఎందుకు నోరు విప్పలేదని బానిస విమోచన ఉద్యమకారులు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి ఆమె దానధర్మాలు జవాబు కావు.

1852 ఫిబ్రవరి 5న బోస్టన్‌లో తన పియానో సహకారి ఓటో గోల్డ్‌స్మిత్‌ను పెళ్లాడింది. హాంబర్గ్‌లో యూదు కుటుంబంలో పుట్టి క్రీస్తును అంగీకరించినవాడు, ఆమెకన్నా తొమ్మిదేళ్లు చిన్న. ఒడుదొడుకులు లేని కాపురం, ముగ్గురు పిల్లలు. కొన్నేళ్లు డ్రెస్డెన్‌లో ఉండి 1858లో ఇంగ్లండులో స్థిరపడ్డారు. 1856లో ఫ్లారెన్స్ నైటింగేల్ పేరిట నర్సుల శిక్షణ నిధికి పాడినప్పుడు కచేరీ ఖర్చులు కూడా దంపతులే భరించారు. వయసుతో ఆమెలో కాస్త కరుకుతనం వచ్చిందని, ముక్కుసూటిగా మాట్లాడి నొప్పించేదని తెలిసినవారు చెప్పారు. పుణ్యాత్ముల జీవితాల్లో ఇలాంటివి వదిలేయడం మన అలవాటు. వదలనవసరం లేదు.

నాకు ఆమె జీవితంలో అన్నిటికన్నా ఇష్టమైన దృశ్యం అమెరికా రేవు కాదు. 1875లో లండన్‌లో బాహ్ క్వయర్ ఏర్పడింది. గోల్డ్‌స్మిత్ దాని సంగీత దర్శకుడు. బాహ్ రాసిన బి మైనర్ మాస్ ఇంగ్లండులో అంతవరకు పూర్తిగా ఎవరూ పాడలేదు. 1876 ఏప్రిల్ 26న సెయింట్ జేమ్స్ హాలులో ఆ క్వయర్ పాడింది. టికెట్ వేలం వేయించిన గొంతు, రాజులు చేతులు కట్టుకుని విన్న గొంతు ఆనాడు సొప్రానోల వరుసలో అందరితో కలిసి నిలబడింది. ఆమెకు విడిగా పాడే భాగం లేదు. సాధనల్లో ఆ వరుసలోని అమ్మాయిలకు నేర్పిందీ ఆమే. సోలో దొరకకపోతే అలిగి క్వయర్ మానేసేవారు ఏ సంఘంలో లేరు?

1883లో లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ తెరిచినప్పుడు గాత్ర విభాగంలో మొదటి ప్రొఫెసర్‌గా చేరింది. గార్సియా దగ్గర తాను నెమ్మదిగా నేర్చుకున్నట్టే పిల్లలకు నెమ్మదిగా నేర్పింది. ఆ ఏడాదే జూలైలో మాల్వర్న్‌లో రైల్వే కార్మికుల సహాయ నిధి కోసం చివరిసారి జనం ముందు పాడింది. 1887 నవంబరు 2న అక్కడి కొండల మధ్య ఉన్న తన ఇంట్లో కన్నుమూసింది. అమెరికా పిల్లలు కుట్టి ఇచ్చిన బొంత ఒకటి, ఆమె కోరిక మేరకు, పెట్టెలో ఆమెతో పాటు ఉంచారు. విల్లులో పెద్ద భాగం స్వీడన్‌లోని పేద ప్రొటెస్టెంట్ విద్యార్థుల చదువుకు రాసింది.

1894లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, మెస్సీయ రాసిన హాండెల్ స్మారకం దగ్గర, ఆమె ముఖచిత్రంతో ఫలకం పెట్టారు. దాని మీద చెక్కినది యోబు గ్రంథం 19వ అధ్యాయం 25వ వచనంలోని మాట, మెస్సీయలో ఆమె ఎన్నోసార్లు పాడిన సొప్రానో పాటలోని మొదటి మాట. స్వీడన్ ప్రభుత్వం 1996లో 50 క్రోనర్ల నోటు మీద ఆమె బొమ్మ వేసింది. శబ్దాన్ని పట్టి ఉంచే యంత్రం ఆమె బ్రతికుండగానే వచ్చినా ఆమె గొంతు రికార్డు ఏదీ మనకు మిగల్లేదు. 1849లో, అంటే వేదిక దిగిన ఏడాదే, నార్విచ్ కచేరీల డబ్బును అక్కడి పేదల కోసమని ఇచ్చేసింది. దాంతో 1854లో ఆ ఊళ్లో జబ్బు పడ్డ పిల్లల కోసం ఒక ఆసుపత్రి తెరిచారు. నేటి నార్విచ్ పెద్దాసుపత్రిలో పిల్లల విభాగాన్ని ఇప్పటికీ జెన్నీ లిండ్ పేరుతోనే పిలుస్తున్నారు.